వీధిన పెట్టిన పొయ్యి

మన బజార్లు, మన బతుకులు – 9వ భాగం

గత భాగంలో వారపు సంత దగ్గర ఆగాం. సంతకు వచ్చినవాడు కావలసింది కొనుక్కుని పొద్దుగూకేలోగా ఇంటిదారి పడతాడు. ఇంటికి పోలేనివాడి సంగతి ఏమిటి? బేరం మీద పరాయి ఊరు వచ్చినవాడు, కోర్టు పనిమీద నాలుగు రోజులు ఉండిపోవలసినవాడు, కూలి వెతుక్కుంటూ వలస వచ్చినవాడు, వండిపెట్టే మనిషి లేనివాడు, వండుకుందామంటే పొయ్యే లేనివాడు... వీళ్ళంతా ఏం తిన్నారు? ఎవరి చేతి వంట తిన్నారు? ఈ భాగం వాళ్ళ ఆకలి గురించీ, ఆ ఆకలిని నమ్ముకుని వీధిలో పొయ్యి రాజేసినవాళ్ళ గురించీ.

ఓరుగల్లు నుంచి మొదలుపెడదాం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద మనకు దక్కిన 'క్రీడాభిరామం'లో (అది శ్రీనాథుడిదేనని వాదించిన పండితులూ ఉన్నారు) గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఆ నగరం వీధులు తిరుగుతారు. కోడిపందెం చూస్తారు, పొట్టేళ్ళ పోరు చూస్తారు, ఏకవీర గుడి దగ్గర ఆగుతారు. తిరిగే కాళ్ళకు ఆకలి తప్పదు కదా, పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన వస్తుంది. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూక చేతిలో పెడితే విస్తట్లో ఏమేం పడతాయో కవి వరసగా చెప్పాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పిడికెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, ఆఖరున గడ్డపెరుగు. సురవరం ప్రతాపరెడ్డిగారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కాకతీయుల కాలపు జనజీవనాన్ని కళ్ళకు కట్టించారంటే, ఆయనకు పెద్ద ఊతమిచ్చిన పుస్తకాల్లో ఈ చిన్న కావ్యం ఒకటి. రాజుల దిగ్విజయాలు చెప్పే శాసనాలు వందల కొద్దీ ఉన్నాయి. ఊళ్ళో భోజనం ధర ఎంతో చెప్పినవాడు మాత్రం ఇతనే.

ఆ విస్తట్లో ఏం ఉన్నాయో చూసినట్టే ఏం లేవో కూడా చూడాలి. మిరపకాయ లేదు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ లేవు. కాఫీ, టీల ఊసే లేదు. ఈరోజు మన వీధి తిండిని నిలబెడుతున్న సరుకుల్లో చాలా భాగం అప్పటికి ఈ నేలమీద పండలేదు. ఇంకొకటి కూడా గమనించాలి. ఇది కూలివాడి భోజనం కాదు. కోట గోడకు రాళ్ళు మోసినవాడు ఆ ఇంటి గడప తొక్కి ఉండడు. రూక లేక కొంత, తొక్కనివ్వక కొంత. అతని వెంట ఉండేది చద్దిమూట. జొన్నన్నమో, కొర్రన్నమో, రాగిసంకటో, దానిలోకి ఇంత పచ్చడో. పొలం గట్టున కూచుని మూట విప్పుకుంటే అదే పూటకూళ్ళ ఇల్లు.

అన్నం పెట్టాలి గాని అమ్ముకోకూడదన్నది మన పెద్దల్లో బాగా పాతుకుపోయిన మాట. అందుకే రాజులూ జమీందార్లూ వర్తకులూ దారుల వెంట సత్రాలు కట్టించారు, వాటికి మాన్యాలు రాసిచ్చారు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) లంకల గన్నవరంలోని తన ఇంటికి వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా వండి పెట్టారు. ఆస్తి కరిగిపోతున్నా పొయ్యి ఆర్పలేదు. గోదావరి జిల్లాలు ఆమెను నేటికీ తలుచుకుంటాయి, తలుచుకోవలసిన మనిషే. అయితే సీతమ్మగారి లాంటి వాళ్ళు ఊరూరా ఉండరు. చాలా సత్రాల్లో భోజనం బ్రాహ్మణులకే దొరికేది, మిగతావాళ్ళకు వసారాలో పడుకునేందుకు చోటు దొరికితే అదే భాగ్యం. దానం గొప్పదే. కాని దానం ఎవరికి అందాలో ఇచ్చేవాడు నిర్ణయిస్తాడు. డబ్బిచ్చి కొనుక్కునేవాడికి ఆ బెడద ఉండదు. వీధి తిండి అమ్మేవాళ్ళ పట్ల నాకున్న గౌరవానికి ఇదొక పెద్ద కారణం.

డబ్బున్న బాటసారి ఏంచేసేవాడో ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చెబుతుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసిన ఆయన 1830 మేలో చెన్నపట్నం నుంచి బయలుదేరి కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పరివారం, డేరాలు, పల్లకీ మోసే బోయీలు అన్నీ వెంట ఉన్నాయి. మజిలీ మజిలీకీ నీళ్ళ సంగతి, అంగళ్ళ సంగతి, ఏ సరుకు దొరుకుతుందో, ఏది దొరకదో శ్రద్ధగా రాసుకున్నారు. ఆ పుస్తకాన్ని తిండి కోసం చదివితే ఒక విషయం తేటపడుతుంది. ఉన్నవాడు ప్రయాణమైతే వంటిల్లు కూడా ప్రయాణమయ్యేది. బజారులో కొనేది బియ్యం, పప్పు, నెయ్యి. వండించుకునేది తనవాళ్ళ చేత.

మరి వీధిలో అమ్మకం అసలు లేదా అంటే ఉంది, కాని దాని స్వరూపం వేరు. వండిన అన్నానికి ఉన్నంత పట్టింపు వేయించిన గింజకు ఉండేది కాదు. నీళ్ళలో ఉడికినది ఎవరి చేతిదో చూసి తినేవాళ్ళు కూడా, ఇసుకలో వేగిన శనగలను, పేలాలను, అటుకులను, మరమరాలను, బెల్లం పాకం పట్టిన నువ్వుల జీళ్ళను అంతగా పట్టించుకోకుండా కొనుక్కునేవాళ్ళు. తిరునాళ్ళలో, జాతరల్లో ఈనాటికీ ముందు వరసలో కనిపించేవి ఇవే. పాడవవు, మోసుకెళ్ళడానికి తేలిక, ఇంటికి ప్రసాదంతో పాటు పట్టుకెళ్ళవచ్చు. మన వీధి తిండిలో బొరుగులకూ నూనెలో వేగినవాటికీ అంత పెద్దపీట ఎందుకు పడిందో ఇక్కడే అర్థమవుతుంది. రుచి ఒక్కటే కారణం అనుకుంటే కులం చేసిన పనిని మరిచిపోయినట్టే.

అనంతపురం, కర్నూలు వైపు ఉగ్గాని చూడండి. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పోపులో తిప్పి, పైన పుట్నాల పొడి చల్లితే పది నిమిషాల్లో కడుపు నిండే పలారం తయారు. పక్కన ఒక మిరపకాయ బజ్జీ. కరువు సీమలో కట్టె, నీళ్ళు, సమయం మూడూ ఆదా చేసే వంట ఇది. కృష్ణా, గుంటూరు వైపు పిడత కింద పప్పు ఉండేది. వెదురు బుట్టలో మరమరాలు, వేయించిన పప్పులు, కారం కలిపిన కారప్పూస. వాటి మీద నిప్పులు పోసిన చిన్న మట్టి పిడత. ఆ పిడత వేడికి కింది పప్పులు సాయంత్రం దాకా కరకరలాడుతూ ఉండేవి. అడిగినవాడికి ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో పోసి ఇచ్చేవాళ్ళు. బండి అక్కర్లేదు, కట్టెల మోపు అక్కర్లేదు. బుట్ట నెత్తిన పెట్టుకుంటే పొయ్యి కూడా నెత్తి మీదే నడిచొచ్చేది. ఈ పనితనాన్ని ఎవరు కనిపెట్టారో ఏ పుస్తకమూ రాయలేదు. మన సాంకేతిక చరిత్ర ఎవరైనా రాస్తే అందులో ఈ పిడతకు చోటు ఉండి తీరాలి.

ఇక మిరపకాయ. అమెరికా ఖండంలో పుట్టిన ఈ పంటను 16వ శతాబ్దిలో పోర్చుగీసువాళ్ళు పడమటి తీరానికి తెచ్చారు. అంతకు ముందు మన కారమంతా మిరియాలది, అల్లానిది. మిరియాలు ఖరీదు, మిరప మాత్రం పెరట్లో కాసింది. పేదవాడి ముద్దకు రుచి తెచ్చినది అదే. సంకటిలోకి కూర లేకపోయినా ఇంత మిరపకాయ కారం ఉంటే పూట గడిచిపోయేది. తరవాత వేరుశనగ వచ్చింది. 19వ శతాబ్ది నడుమ నుంచి దక్షిణ ఆర్కాటు ప్రాంతంలో విస్తారంగా పండి, పుదుచ్చేరి ఓడల్లో ఫ్రాన్సులోని మార్సెయ్ సబ్బు, నూనె మిల్లులకు ఎగుమతయ్యేది. 20వ శతాబ్దిలో రాయలసీమ మెట్ట పొలాలను అదే ఆక్రమించింది. నువ్వుల నూనె కన్నా చవకగా నూనె దొరికే సరికి బాణలి వీధిలోకి వచ్చింది. అంటే సాయంత్రం మనం నిలబడి తినే మిరపకాయ బజ్జీలో మెక్సికో వైపు మిరప, బ్రెజిల్ వైపు వేరుశనగ, మన పాత శనగపిండి కలిశాయి. వాము, చింతపండు కూరి, కోసి ఉల్లిపాయ ముక్కలు పెట్టి, నిమ్మకాయ పిండే గుంటూరు పద్ధతి మాత్రం ఏ దేశం నుంచీ రాలేదు.

వీధి తిండిని అసలు మలుపు తిప్పింది రైలు. నిజాం రాజ్యంలో 1874లో సికింద్రాబాదు – వాడి మార్గం పడింది. 1889కి ఆ రైలు బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద వంతెన పూర్తయింది. బెజవాడ ఒక్కసారిగా రాత్రిళ్ళు నిద్రపోని ఊరైంది. రైలు దిగినవాడు, ఎక్కవలసినవాడు, సరుకు దించే హమాలీ, గార్డు, కళాసీ అందరూ ఇంటి పొయ్యికి దూరంగా ఉన్నవాళ్ళే. కోర్టులూ కాలేజీలూ ఉన్న పట్నాల్లోనూ ఇదే కథ. పల్లె నుంచి చదువుకు వచ్చిన కుర్రాడికి, వాయిదాకు వచ్చిన రైతుకు పూటకూళ్ళ ఇల్లు కావలసి వచ్చింది.

ఆ కాలపు పూటకూళ్ళ మనిషిని మనకు చూపించినవాడు గురజాడ. 1892లో మొదటిసారి ఆడిన 'కన్యాశుల్కం' గిరీశం చేసిన మోసం కబురుతోనే తెర తీస్తుంది. సంతలో సామాను తెచ్చిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న 20 రూపాయలు అతను మధురవాణి మీద ఖర్చు చేశాడు. నాటకం చూసేవాళ్ళు గిరీశం మాటలకు నవ్వుతారు. ఆ 20 రూపాయలు ఎన్ని పూటల చాకిరీయో ఆలోచించి చూడండి. పెళ్ళి మళ్ళీ చేసుకోనివ్వరు, పుట్టింట్లో బరువు, అత్తింట్లో అపశకునం. బ్రాహ్మణ వితంతువుకు తన చేతి వంట ఒక్కటే ఆస్తి. విజయనగరంలో ఆమె పొయ్యి రాజేసింది వ్యాపారం మీద మోజుతో కాదు, బతకడానికి వేరే దారి లేక. అన్నం అమ్ముకోవడం తప్పన్న సంఘమే ఆమెకు అన్నం అమ్ముకోవడం తప్ప గతి లేకుండా చేసింది. చీపురుకట్ట పట్టుకుని ఆమె మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు నాకు నవ్వు రాదు, ఆమె పక్షాన నిలబడాలనిపిస్తుంది. అంత గొప్ప నాటకంలో కూడా ఆమెకు సొంత పేరు లేదు. నాటకం పొడుగునా పూటకూళ్ళమ్మే.

20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కాఫీ హోటళ్ళు వచ్చాయి. ఉడిపివాళ్ళు, తమిళ బ్రాహ్మణులు, వాళ్ళను చూసి మనవాళ్ళు పట్నాల్లో హోటళ్ళు తెరిచారు. హైదరాబాదులో ఇరానీలు చాయ్ ఖానాలు పెట్టారు. ఇడ్లీ మనకు కొత్తది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసం'లోనే దాని పూర్వరూపం ఉంది. కాని మామూలు తెలుగు ఇంట్లో పొద్దున్నే తినేది చద్దన్నమో అంబలో. ఇడ్లీ, దోసె, ఉప్మా మన అందరి పొద్దుటి తిండి అయ్యింది హోటలు పుణ్యానే.

ఆ హోటలు తలుపు అందరికీ తెరుచుకోలేదు. చాలా చోట్ల బ్రాహ్మణులకు వేరే గది, మిగతా కులాలవాళ్ళకు ముందు హాలు, దళితులకు వీధిలోనే దూరంగా కొబ్బరిచిప్పలోనో తాటాకు దొన్నెలోనో. రైల్వే స్టేషన్లలో హిందువులకూ ముస్లిములకూ నీళ్ళు కూడా వేరు. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం హోటళ్ళలో, దుకాణాల్లో ఈ వివక్షను నేరం చేసింది. ఆ తరవాత కూడా పల్లెల్లో టీ కొట్టు చూరులో దళితుల గ్లాసు వేరేగా వేలాడింది. రెండు గ్లాసుల పద్ధతి మీద మన దళిత ఉద్యమాలు 1980లలో, 90లలో కూడా పోరాడవలసి వచ్చింది. దీని పక్కన పెట్టి చూస్తే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ బండి చేసిన పని చిన్నది కాదు. దానికి గది లేదు కాబట్టి లోపల, బయట అన్న తేడా లేదు. బల్ల లేదు కాబట్టి ఎవరి పక్కన ఎవరు కూచోవాలన్న పేచీ లేదు. ముందు వచ్చినవాడికి ముందు ప్లేటు. అయినా ఒక నిజం చెప్పుకోవాలి. కొనేవాళ్ళు కలిసినంత త్వరగా అమ్మేవాళ్ళు కలవలేదు. బండి మీద వండే చేతులది ఏ కులమో ఆరా తీసి కొనే ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

బండికి ఊపిరి పోసినవాటిలో రెండు యంత్రాల పేర్లు చెప్పాలి. ఒకటి పంపు స్టవ్వు. స్వీడన్‌లో 1892 ప్రాంతంలో పుట్టిన ఈ కిరసనాయిలు పొయ్యి కట్టెల పొగ లేకుండా, ఊక పొయ్యిని ఎగదోసే పని లేకుండా, ఎక్కడ నిలబెడితే అక్కడ మండేది. రెండోది పిండి రుబ్బే గ్రైండరు. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి తయారు చేశారు. అంతకు ముందు వందమందికి ఇడ్లీ పెట్టాలంటే ఇద్దరు ఆడవాళ్ళు రాత్రంతా రుబ్బురోలు ముందు కూచోవాలి. మినప్పప్పు నురుగులా తేలేదాకా పొత్రం తిప్పిన ఆ చేతుల నొప్పి మన అమ్మమ్మలకు తెలుసు. గ్రైండరు రాకపోతే రోడ్డు పక్క ఇడ్లీ బండి ఇంతగా పెరిగేది కాదని నా నమ్మకం.

ఈ బండి రోజు ఎప్పుడు మొదలవుతుందో కొనేవాళ్ళకు తెలియదు. ముందు రోజు మధ్యాహ్నం మినప్పప్పు నానబోస్తారు. సాయంత్రం రుబ్బి ఇడ్లీ రవ్వ కలిపి పులియబెడతారు. ఎండాకాలంలో పిండి తొందరగా పులిసి పొంగిపోతుంది, చలికాలంలో పొంగనే పొంగదు. ఆ లెక్క గడియారానిది కాదు, చేతిది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు లేచి పల్లీ చట్నీ, అల్లం చట్నీ, కోస్తా వైపైతే పూరీలోకి శనగపిండి బొంబాయి చట్నీ. అయిదున్నరకు మొదటి వాయి దిగాలి. ఎందుకంటే అడ్డా కూలీలు ఆరుకల్లా వస్తారు. మేస్త్రీ వచ్చి పిలిస్తే తింటున్న ప్లేటు వదిలి పరుగెత్తాలి. తరవాత ఆటో డ్రైవర్లు, బడి పిల్లల క్యారియర్లు, ఆఫీసులవాళ్ళు. పదకొండుకు పిండి అయిపోతే మంచి రోజు, మిగిలితే మధ్యాహ్నం ఇంట్లో అందరికీ అదే భోజనం. చాలా బండ్ల మీద గల్లా పెట్టె దగ్గర నిలబడేది మగవాడు. నానబోసి, రుబ్బి, తాలింపు పెట్టి, ప్లేట్లు కడిగేది భార్య. ఈ లెక్కన ఆ వ్యాపారం ఎవరిదని అడిగితే నా జవాబు ఒకటే, ఆమెది.

శుభ్రత మాట ఎత్తేవాళ్ళకు ఒక్క విన్నపం. ప్లేటు మీద పల్చని ప్లాస్టిక్ కాగితం వేసి వేడి ఇడ్లీ పెట్టడం మంచిది కాదు, నిజమే. అచ్చు సిరా ఉన్న వార్తాపత్రికలో బజ్జీలు చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ కూడా హెచ్చరించింది. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని నిషేధించారు. కాని ఆ ప్లాస్టిక్ కాగితం వచ్చిందే ప్లేట్లు కడగడానికి నీళ్ళు లేక. కూడలిలో ఇరవై బండ్లు ఉంటే ఒక్క కుళాయి ఉండదు. ఇంటి దగ్గర నుంచి డ్రమ్ములో తెచ్చుకున్న నీళ్ళే తాగడానికీ, వంటకూ, కడుగుడుకూ సరిపెట్టాలి. మన తాతల నాటి మోదుగాకు విస్తరి, అరటాకు, తాటాకు దొన్నె ఈ చిక్కును ఎప్పుడో తీర్చాయి. వాటిని తిరిగి అందుబాటు ధరలో బండి దాకా చేర్చే పని చేస్తే చాలావరకు దారికొస్తుంది.

అప్పు సంగతి ఇంకా బాధాకరం. పదివేలు అప్పని చెప్పి ముందే వెయ్యి కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం అయ్యేసరికి బైకు మీద మనిషి వచ్చి బండి ముందు నిలబడతాడు. హైదరాబాదులో దీన్ని గిరిగిరి అంటారు. వాన పడి అమ్మకం లేని రోజు కూడా వంద వందే. కోస్తాలో ఇదే జాతి అప్పులు 2015 డిసెంబరులో బెజవాడ కాల్‌మనీ వ్యవహారంగా బయటపడి రాష్ట్రాన్ని కుదిపేశాయి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడినప్పుడు రోజువారీ అమ్మకం మీద బతికేవాళ్ళకు ఆ రాత్రి నుంచే రాబడి నిలిచింది. ఆ ఏడాది జూన్ 1న కేంద్రం స్వనిధి పథకం తెచ్చింది. అప్పట్లో మొదట 10,000 రూపాయల అప్పు, తీర్చితే 20,000, తరవాత 50,000 ఇచ్చేవాళ్ళు. బ్యాంకు గుమ్మం ఎక్కని చాలామందికి అదే మొదటి బ్యాంకు అప్పు. ఇప్పుడు బండికి క్యూఆర్ కాగితం వేలాడుతోంది, చిల్లర గొడవ చాలావరకు తీరింది.

హైదరాబాదు రోడ్ల మీద సాయంత్రం ఇంకొక దృశ్యం కనిపిస్తుంది. పేవ్‌మెంటు పక్కన వరసగా పొయ్యిలు, వాటి ముందు పాలమూరు లాంటి మెట్ట జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు జొన్నపిండి అరచేత చరిచి రొట్టెలు కాలుస్తుంటారు. కొనేవాళ్ళు కార్లు ఆపుకుని నిలబడతారు. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. 1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చాక జొన్న తినే ఇళ్ళు కూడా వరి అన్నానికి మారాయి. పేదవాడి విస్తట్లోకి తెల్లన్నం రావడం ఆనాడు ఎంత పెద్ద విషయమో ఆ తరం వాళ్ళను అడిగితే చెబుతారు. తరవాత చక్కెర జబ్బు వచ్చింది, డాక్టర్లు జొన్న తినమన్నారు. పట్నంలో పుట్టిన కోడళ్ళకు రొట్టె చరచడం రాదు. ఊళ్ళో పొలం ఎండిపోయి వలస వచ్చిన ఆమెకు అదొక్కటే వచ్చిన విద్య. అమీర్‌పేటలో కోర్సులకు వచ్చినవాళ్ళు, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు కూచున్నవాళ్ళు, అద్దె గదిలో పొయ్యి లేనివాళ్ళు కూడా ఆమె దగ్గరకే వస్తున్నారు. ప్రభుత్వాలు కూడా ఈ ఆకలిని గుర్తించాయి. 2014లో హైదరాబాదులో అయిదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు తెరిచారు, ఏడాదికే మూతపడ్డాయి, 2024లో తిరిగి తెరుచుకున్నాయి. అవి ఉండాలి. కాని రాత్రి తొమ్మిదింటికి ఆకలేసినవాడికి దారిలో కనిపించేది బండే.

ఇన్ని వందల ఏళ్ళలో అమ్మినవాళ్ళ పేర్లు రాసిపెట్టినవాళ్ళు ఎందరు? లక్ష్మణవజ్ఝల పేరు పద్యంలో పడింది కాబట్టి నిలిచింది. పిడత మోసినవాళ్ళు, జీళ్ళు పట్టినవాళ్ళు, రోలు తిప్పినవాళ్ళు ఏ కాగితం మీదా లేరు. పోలీసు జరిమానా రసీదుల్లో, మునిసిపాలిటీ స్వాధీన జాబితాల్లో తప్ప. 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధిలో అమ్ముకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కు కిందికే వస్తుందని, సమంజసమైన ఆంక్షలు పెట్టవచ్చని చెప్పింది. ఆ తీర్పు నుంచి చట్టం రావడానికి ఇరవై అయిదేళ్ళు పట్టింది. 2014 మే 1 నుంచి అమలులోకి వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అయిదేళ్ళకొకసారి సర్వే చేసి, ఊరి జనాభాలో రెండున్నర శాతానికి మించకుండా అందరికీ చోటు చూపించాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. పట్టణ విక్రయ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. వ్యాపారి పేరు, అమ్మే చోటు రాసి ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చే ఆ ధ్రువపత్రం చేతికి వచ్చినప్పుడు ఆ మనిషి మొదటిసారి ఊరి లెక్కల్లోకి ఎక్కుతుంది.

కాగితం మీద ఇంత బలంగా ఉన్న చట్టం రోడ్డు మీదకు వచ్చేసరికి సన్నగిల్లుతోంది. ప్రముఖులు వస్తున్నారంటే బండ్లు లేపేస్తారు, రోడ్డు వెడల్పు అంటే లేపేస్తారు. లేపాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న సంగతి లేపేవాళ్ళకు గుర్తుండదు, లేచేవాళ్ళకు తెలియదు. సరుకు పట్టుకుపోతే ఏమేం పట్టుకుపోయారో జాబితా రాసి ఇవ్వాలి. పాడవని సరుకును అడిగిన రెండు పనిదినాల్లో, పాడైపోయే సరుకును అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాలి. పులిసిన ఇడ్లీ పిండి ఏ కోవకు వస్తుందో వండేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీరు రోజూ తినే బండి మనిషికి ఈ రెండు నిబంధనలు తెలుసో లేదో రేపు పొద్దున అడగండి, తెలియకపోతే చెప్పండి.

(వచ్చే భాగంలో: గోలీసోడా, తాటిముంజలు, చలివేంద్రాలు – ఎండాకాలపు దాహం కథ)